సవ్యమూ, అపసవ్యమూ, రాగి గొట్టమూ

ముందుగా, సంఘటన జరిగిన చోట ఉన్నవారి జాబితా, ఉన్నవాటి జాబితా.

పదో తరగతి తెలుగు మీడియం పిల్లలు ముప్పై ఆరుగురు. చివరి బెంచీలో ఒక కొసన ప్రిన్సిపల్ రాజ్యలక్ష్మి మేడమ్, ఇంకో కొసన కరస్పాండెంట్ యాదగిరి సార్. నల్లబల్ల ఒకటి. సరిగ్గా దాని పైన గోడ గడియారం ఒకటి, నడుస్తున్నదే. టేబుల్ మీద చేయంత పొడవున్న రాగి గొట్టం, చిటికెన వేలి గోరంత అయస్కాంతం, సుద్దముక్కలు. ఇస్త్రీ చొక్కాలో నేను. నా బుర్ర కూడా నాతోనే వచ్చిందనుకున్నాను. తర్వాత విచారిస్తే అది మల్కాజ్‌గిరిలో మా ఇంటి దగ్గరే ఆగిపోయినట్టు తేలింది.

చూశారుగా, ఇందులో ప్రమాదకరమైన వస్తువు ఒక్కటీ లేదు. అయినా ఆ ఒక్క పీరియడ్‌లో నేను భౌతికశాస్త్రాన్ని తలకిందులు చేసి, ఒక పెద్దమనిషికి ఉచిత కరెంటు వాగ్దానం చేసి, గోరంత అయస్కాంతంతో అందరి ముందూ తగాదా పెట్టుకున్నాను. ఎలాగంటారా? చెబుతాను. మీరు మాత్రం ఆ గడియారం మీద ఒక కన్నేసి ఉంచండి. నేను ఉంచలేదు.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను. చదువు పూర్తయ్యాక నా డిగ్రీకి గిరాకీ అంతా మా అపార్ట్‌మెంటులోనే. ఎవరింట్లో ఫ్యూజు పోయినా "మీ వాణ్ణి ఒకసారి పంపుతారా?" అని కబురు. అలాంటి రోజుల్లో నేరేడ్‌మెట్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు మాస్టారు కావాలని తెలిసింది. డెమో క్లాసు చెప్పాలి. గట్టెక్కితే ఉద్యోగం. గట్టెక్కకపోతే భీమవరం దగ్గర మా మేనమామ గారి రొయ్యల మేత గోడౌన్. అమ్మ అప్పటికే ఆయనకు ఫోన్‌లో మాటిచ్చేసింది. "ఈ ఒక్క స్కూలూ చూస్తాం అన్నయ్యా. రాకపోతే వీణ్ణి రైలెక్కించేస్తాను." రొయ్యలతో నాకు పాత కక్షలేమీ లేవు. కానీ ఆ గోడౌన్‌లో ఒక పూట కూర్చుంటే మూడు స్నానాలు చేసినా వాసన వదలదు. మా మామయ్య బస్సెక్కితే పక్క సీటు దానంతటదే ఖాళీ అవుతుంది.

నాకిచ్చిన పాఠం విద్యుదయస్కాంత ప్రేరణ. ఆ మాట వినగానే ఎగిరి గంతేశాను. నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన పాఠం అది. తీగచుట్ట దగ్గరికి అయస్కాంతాన్ని తెస్తే చుట్టలో కరెంటు పుడుతుంది. పుట్టిన కరెంటు ఊరుకోదు, తాను ఏ కారణంగా పుట్టిందో ఆ కారణానికే అడ్డం తిరుగుతుంది. అయస్కాంతం దగ్గరికొస్తుంటే నెట్టేస్తుంది, దూరం పోతుంటే పట్టి లాగుతుంది. మనకు కొందరు బంధువులుంటారు చూడండి, వస్తామంటే ఇప్పుడొద్దంటారు, వెళ్ళిపోతామంటే అప్పుడేనా అంటారు. అచ్చం అదే. దీన్నే లెంజ్ నియమం అంటారు. అంతా నాకు కంఠతా వచ్చు. ఇంగ్లీషులో.

డెమో తెలుగులో.

ఎదురు ఫ్లాటు పిల్లవాడి పుస్తకం పావుగంట అప్పు తెచ్చాను. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. నేను తెలుగు పేజీలు మాత్రం ఫోన్‌లో ఫోటోలు తీసుకుని పుస్తకం తిరిగిచ్చేశాను. ఇంగ్లీషు మనకు వచ్చినదే కదా, దానితో ఏం పని? (ఈ వాక్యాన్ని కూడా గుర్తుంచుకోండి. గడియారం పక్కనే పెట్టుకోండి.)

చదువుతూ పోతే అంతా సాఫీగానే ఉంది. అభివాహం, ధ్రువం, ప్రేరిత విద్యుత్తు. ఒక్కచోట కాలికి రాయి తగిలింది. ఉత్తర ధ్రువం చుట్ట దగ్గరికి వస్తుంటే, అయస్కాంతం వైపు నుంచి చూసేవారికి కరెంటు 'అపసవ్య దిశలో' ప్రవహిస్తుందట. అపసవ్యం అంటే ఎటు? ఫోన్‌లో వెతికాను. సవ్యం అంటే సరైనది, చక్కనైనది అని వచ్చింది. అంటే చక్కగా తిరిగేది సవ్యదిశ. బాగుంది. చక్కగా అంటే ఎటు? మల్కాజ్‌గిరి చౌరస్తాలో ఆటోలు తిరగడం చూసి పెరిగినవాణ్ణి, నాకెలా తెలుస్తుంది?

బాల్కనీలో తాతయ్య పేపరు చదువుతున్నాడు.

"తాతయ్యా, సవ్యం అంటే ఎటు?"

"ఎటేంట్రా, ఎడమ."

"ఖాయమేనా?"

"సంస్కృతంలో సవ్యం అంటే ఎడమే. జంధ్యం ఎడమ భుజం మీదుంటే సవ్యం. పెద్దలకు తర్పణం వదిలేటప్పుడు కుడి భుజం మీదికి మార్చుకుంటాం, అది అపసవ్యం. ఏం, ఉన్నట్టుండి నీకు పెద్దలు గుర్తొచ్చారేం?"

"డెమో క్లాసు కోసం తాతయ్యా."

"బళ్ళో తర్పణాలు కూడా చెబుతున్నారా ఇప్పుడు?"

"తర్పణాలు కాదు. కరెంటు గురించి."

"కరెంటుకు జంధ్యం ఎందుకురా?" అని ఆయన మళ్ళీ పేపరులోకి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న దగ్గర నేను ఒక్క నిమిషం ఆగి ఉంటే ఇది రాసే అవసరం వచ్చేది కాదు.

నేను ఆగలేదు. పద్ధతిగా ఆలోచించాను. సవ్యం అంటే ఎడమ. ఎడమవైపు తిరగడమంటే గడియారానికి ఎదురు తిరగడం. కాబట్టి సవ్యదిశ గడియారానికి ఎదురు, అపసవ్యదిశ గడియారం తిరిగే వైపు. మీరే చెప్పండి, ఏ మెట్టు బలహీనంగా ఉంది? ఒక్కొక్కటీ రాతి మెట్టు. కాకపోతే మెట్లన్నీ ఎక్కి చూసుకుంటే నేను పక్కింటివాళ్ళ మేడ మీదున్నాను.

స్కూలుకు చేరాను. క్లాసులోకి అడుగు పెట్టీ పెట్టగానే ఒక చిన్న సంగతి జరిగింది. అప్పుడు పట్టించుకోలేదు.

"జెర ఆ ఫ్యాన్ బంద్ చెయ్యుండ్రి. సుద్దపొడి లేస్తున్నది," అన్నారు యాదగిరి సార్.

"వద్దు, ఉండనివ్వండి. పిల్లలకు ఉక్కపోస్తోంది," అన్నారు రాజ్యలక్ష్మి మేడమ్.

"సరే, ఉండనియ్యుండ్రి."

"ఆహా, మీకు అంత ఇబ్బందిగా ఉంటే తీసేయమనండి. నాకూ చలిగానే ఉంది."

ఫ్యాన్ స్విచ్ దగ్గర నిలబడ్డ పిల్ల తీసింది, వేసింది, తీసింది. ఆ పిల్ల మొహంలో ఆశ్చర్యమేమీ లేదు. అలవాటైపోయినట్టుంది.

పాఠం మొదలుపెట్టాను. మొదటి పది నిమిషాలు నన్ను చూసి నేనే ముచ్చటపడ్డాను. నల్లబల్ల మీద గుండ్రంగా చుట్ట గీశాను. చేత్తో అయస్కాంతాన్ని పట్టుకుని, "ఇదిగో, ఉత్తర ధ్రువం మన వైపు నుంచి బల్ల మీది చుట్ట దగ్గరికి వెళ్తోంది. చుట్టలో కరెంటు ఎటు పోతుంది?" అన్నాను.

ముందు బెంచీలో మౌనిక అనే అమ్మాయి టక్కున లేచింది. "అపసవ్య దిశల సార్!"

"శభాష్!" అని, గడియారం తిరిగినట్టుగా ఒక అందమైన బాణం వేశాను.

మౌనిక ఇంకా కూర్చోలేదు. "సార్, బాణం..."

"సందేహాలు చివర్లో అడగాలమ్మా."

ఈ మాట కనిపెట్టినవాడెవడో గానీ మాస్టార్లను ఆదుకోవడానికి కాదు, ముంచడానికే కనిపెట్టాడు.

"ఇప్పుడు కుడిచేయి చాచండి. కరెంటు పోతున్న వైపు వేళ్ళు ముడవండి. బొటనవేలు ఎటు చూపిస్తే అటు ఉత్తర ధ్రువం." ముప్పై ఆరు కుడిచేతులు లేచాయి. చివరి బెంచీలో యాదగిరి సార్ కుడిచేయి కూడా లేచింది. నేను బల్లకేసి తిరిగి బాణం వెంట వేళ్ళు ముడిచాను. నా బొటనవేలు గోడలోకి పొడుచుకుంది.

అంటే ఉత్తర ధ్రువం గోడ వైపు. మన వైపు ఉన్నది దక్షిణ ధ్రువం. వస్తున్నది ఉత్తరం, ఎదురుగా ఉన్నది దక్షిణం. రెండూ ఆకర్షించుకోవాలి. కానీ నెట్టాలి కదా? నెట్టడమే కదా పాఠం? నా లోపల ఎక్కడో నాలుగేళ్ళ ఇంజనీరింగ్ "ఒరేయ్, ఒరేయ్" అని పిలుస్తోంది. వేలు చూస్తే నాదే. బాణం నాదే. పుస్తకం ప్రభుత్వానిది. తాతయ్య అబద్ధం ఆడడు. ఇంతమంది ఒక పక్క ఉండగా, పాపం లెంజ్ ఒక్కడు ఇంకో పక్క.

"కాబట్టి పిల్లలూ," అన్నాను, "చుట్ట అయస్కాంతాన్ని లోపలికి... లాక్కుంటుంది."

యాదగిరి సార్ సర్దుకుని కూర్చున్నారు. "సార్, ఒక్క మాట. గుంజుకుంటె ఏమైతది?"

"వేగం పెరుగుతుంది సార్."

"వేగం పెరిగితె?"

"కరెంటు పెరుగుతుంది."

"మల్ల కరెంటు పెరిగితె?"

"ఇంకా గట్టిగా లాగుతుంది."

"అంటె ఇంకా కరెంటు!" ఆయన లేచి నిలబడ్డారు. "డీజిల్ గిట్ల పొయ్యాల్నా? ఎవరన్న తిప్పాల్నా?"

"అక్కర్లేదు సార్." ఇది నేనే అన్నాను. సాక్షులున్నారు.

"అరె! మన హాస్టల్ల మోటరు, గీజర్లు సుత నడుస్తయా?"

"బల్ల మీదున్న లెక్క ప్రకారం సికింద్రాబాద్ మొత్తం నడవాలి సార్."

"అలాంటిదే ఉంటే ఇన్నాళ్ళూ ఎవరూ కనిపెట్టకుండా ఉన్నారా?" అన్నారు మేడమ్.

"మీకు ఏది చెప్పినా అడ్డమే మేడం! గీ సార్‌ని ఇయ్యాల్నే తీస్కుందాం. ఆర్డర్ టైప్ చేపియ్యుండ్రి."

"నేను ఒప్పుకోను."

ఒక ఓటు అటు, ఒక ఓటు ఇటు. ముక్కుకు సన్నగా రొయ్యల మేత వాసన తగిలింది. నోటితో కాని పని చేత్తో అవుతుందనుకుని రాగి గొట్టం అందుకున్నాను. అది మా వీధి ఏసీ మెకానిక్ దగ్గర మిగిలిపోయిన ముక్క. గొట్టమంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన చుట్టల్లాంటిదే. అందులో అయస్కాంతాన్ని పడేస్తే గొట్టం గోడలో కరెంటు పుడుతుంది. ముందుగా నిలువుగా పట్టుకుని సుద్దముక్క వదిలాను. టక్‌మని కింద పడింది.

"చూశారుగా? ఇప్పుడు అయస్కాంతం. గొట్టం దాన్ని కిందికి లాగుతుంది కాబట్టి సుద్దముక్క కన్నా వేగంగా దూసుకొస్తుంది. రెప్ప వేస్తే కనపడదు."

యాదగిరి సార్ నడిచొచ్చి గొట్టం కింద అరచేయి చాపారు.

"దెబ్బ తగులుతుందేమో సార్."

"తగలనియ్యుండ్రి. ఫ్రీ కరెంట్ అంటె ఉత్తగనే వస్తదా?"

వదిలాను.

ఏమీ రాలేదు.

ఆయన వంగి, ఒక కన్ను మూసి, గొట్టంలోకి కింద నుంచి చూశారు. "లోపల్నే ఉన్నది సార్. దిగుతున్నది. లిఫ్ట్ లెక్క మెల్లగ దిగుతున్నది." అప్పుడు తీరిగ్గా, గరిటె అంచున వేలాడిన పేరునెయ్యి చుక్కలాగా, అయస్కాంతం ఆయన అరచేతిలోకి జారింది.

"గొట్టం తలకిందులుగా పట్టుకున్నట్టున్నాను," అన్నాను. (గొట్టానికి తల ఏది, కాలు ఏది అని అడగకండి.) తిప్పి పట్టుకుని వదిలాను. మళ్ళీ లిఫ్టే.

"అయస్కాంతం తిరగబడింది." దాన్ని తిప్పి వేశాను. లిఫ్ట్.

"ఎత్తు చాలడం లేదు." కుర్చీ ఎక్కి వేశాను. అదే లిఫ్ట్, పై అంతస్తు నుంచి. ఇప్పుడు నా తల గడియారానికి జానెడు దూరంలో ఉంది. అయినా నేను గొట్టంలోకే చూస్తున్నాను. "ఏయ్, పడవే!" అని అయస్కాంతాన్ని గదమాయించడం కూడా గుర్తుంది.

మౌనిక ఇక ఆగలేకపోయింది. "సార్, ఎట్లేసినా ఆపుతది సార్. ఏ దిక్కుకెల్లి వస్తె ఆ దిక్కు అడ్డం పడ్తది. గదే గద సార్ లెంజ్ నియమం?"

చివరి బెంచీ నుంచి మేడమ్ నవ్వు వినిపించింది. "మన కరస్పాండెంట్ గారి టేబుల్ మీద ఫైలు లాంటిదన్నమాట. ఎటు నుంచి పెట్టినా అది దిగేది నెమ్మదిగానే!"

పిల్లలంతా గొల్లుమన్నారు. యాదగిరి సార్ నవ్వలేదు. "సార్, అయితె ఫ్రీ కరెంట్..."

"రాదు సార్."

"మోటరు?"

"నడవదు సార్."

"ఒక్క గీజరన్న?"

నేను గొట్టంలోకి మళ్ళీ ఒకసారి చూశాను.

"బాణం ఉల్టా ఏసిండ్రు సార్," అంది మౌనిక, జాలిగా. "గడియారం తిరిగేది సవ్యదిశ. మీ నెత్తి మీదనే ఉన్నది, చూడుండ్రి."

తలెత్తి వెనక్కి తిరిగాను. ముల్లు నా ముక్కు ముందే కదులుతోంది. కుర్చీ మీద నిలబడి చెప్పుకోవాల్సిన సంజాయిషీ కాదు గానీ, చెప్పుకున్నాను. "అది కాదమ్మా, సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ. జంధ్యం ఎడమ భుజం మీదున్నప్పుడు..."

"సార్," అన్నారు యాదగిరి సార్, "మీరు సైన్స్ పోస్టుకొచ్చిండ్రా, సంస్కృతం పోస్టుకొచ్చిండ్రా?" ఆ తర్వాత వెనక్కి తిరిగి, "ఈయన వద్దు మేడం. పిల్లల్ని పరేషాన్ చేస్తడు. నన్ను సుత చేసిండు."

"ఎందుకొద్దండీ?" మేడమ్ లేచి నిలబడ్డారు. "పాఠం మధ్యలో ఈ పిల్లలు ఇలా నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఈ అబ్బాయే కావాలి."

నేనింకా కుర్చీ దిగలేదు. ఇందాక ఆయన కావాలన్నారు, ఆవిడ వద్దన్నారు. ఇప్పుడు ఆయన వద్దన్నారు, ఆవిడ కావాలంటున్నారు. ఫ్యాన్ తీసి వేసి తీసిన పిల్ల కళ్ళ ముందు మెదిలింది. కారణం దిశ మారితే పుట్టిన కరెంటు దిశ కూడా మారుతుంది. ఇంజనీరింగ్ మొత్తంలో నాకు అర్థం కానంత స్పష్టంగా లెంజ్ నియమం ఆ చివరి బెంచీలో అర్థమైంది.

అంతలో యాదగిరి సార్ మెత్తబడ్డారు. "సరే తియ్యుండ్రి. మీరు గంతగనం చెప్తున్నరు గద, తీస్కుందాం."

ఆయన ఒప్పుకున్నారంటే ఆవిడ...

"వద్దు సార్!" అని అరిచాను. "మీరు ఒప్పుకోకండి!"

"ఏంది?"

"దయచేసి వద్దనే అనండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"తీస్కుంటనంటె తీస్కోవద్దంటవేంది? అరె, ఈయనకు ఏదో తక్లీఫ్ ఉన్నట్టున్నది మేడం. అస్సలొద్దు! గేటు దాక వదిలేసి రమ్మనుండ్రి!"

మేడమ్ కళ్ళద్దాలు సవరించుకున్నారు. "రేపటి నుంచి వచ్చెయ్యి బాబూ," అన్నారు.

ఇంటికెళ్ళి తాతయ్యను నిలదీశాను. "నేను చెప్పింది తప్పు కాదురా. నువ్వు అడిగిందే తప్పు," అన్నాడు పేపరులోంచి తలెత్తకుండా. ఎదురు ఫ్లాటుకెళ్ళి పుస్తకం మళ్ళీ తెరిపించాను. ఎదురు పేజీలో, అదే వాక్యం పక్కన, నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన 'యాంటీ క్లాక్‌వైజ్' అనే ఇంగ్లీషు మాట నవ్వుతూ కూర్చుని ఉంది. ఆ రోజే నా మొదటి ప్రతిజ్ఞ చేశాను. ఇకపై గడియారం కళ్ళారా చూడకుండా ఏ వస్తువుకూ ఏ దిశా చెప్పను.

ఆ ప్రతిజ్ఞను అక్షరాలా పాటించాను. అదే కొంప ముంచింది.

మొదటి యూనిట్ టెస్టు పెట్టాను. బొమ్మలో గడియారానికి ఎదురుగా బాణం వేసి, ఇది ఏ దిశ అని ఒక మార్కు ప్రశ్న ఇచ్చాను. ఆదివారం క్షవరానికి వెళ్ళి, నా వంతు వచ్చి కుర్చీలో కూర్చున్నాక, ఖాళీగా ఎందుకని ఒళ్ళో కాగితం పెట్టుకుని జవాబులు రాసుకున్నాను. ఈ ప్రశ్న దగ్గర తలెత్తి గడియారం చూశాను. గడియారం ఎటు తిరుగుతుందో ఎవరికి తెలియదంటారు మీరు. ఒకసారి సవ్యానికీ అపసవ్యానికీ మధ్య పడి నలిగినవాడికి తెలియదు. చూసినదే నమ్ముతాడు. చూశాను, నమ్మాను, 'సవ్యదిశ' అని రాసుకున్నాను, ఆ కాగితం పెట్టుకుని పేపర్లు దిద్దాను.

మర్నాడు మౌనిక స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది, చేతిలో జవాబు పత్రం.

"సార్, గడియారం చూసిండ్రా?"

"చూశానమ్మా. చూడకుండా ఎందుకు రాస్తాను?"

"ఏడ సార్?"

"సెలూన్‌లో."

ఆ అమ్మాయి గాలిలో వేలు ఒకసారి అటూ, ఒకసారి ఇటూ తిప్పి చూసుకుంది. "అద్దంలనా సార్?"

కాబట్టి, తాతయ్య జంధ్యం సాక్షిగా, రాగి గొట్టం సాక్షిగా, ఇందుమూలంగా నా ప్రతిజ్ఞను సవరిస్తున్నాను. గడియారం చూడకుండా దిశ చెప్పను. ఆ గడియారాన్ని అద్దంలో చూడను. మెడ చుట్టూ గుడ్డ కట్టి ఉండగా జవాబులు రాయను.

మొదటిసారి దిద్దినప్పుడు ఆ ప్రశ్నకు ముప్పై ఆరుగురికీ కలిపి నేను వేసిన మార్కులు: సున్నా.